70 డాలర్ల అమరోనె వైన్ గోంగూర మటన్‌తో కుదరలేదు. లోపం సీసాలో ఉందా, జతలో ఉందా?

#1 సిరిసిల్ల_శ్రీను
ఉండేది డాలస్‌లో. పోయిన శనివారం మా అక్కా బావా భోజనానికి వచ్చారు. బావకి వైన్ అంటే ఇష్టం, ఈసారి మంచిది పెడదామని షాపుకి వెళ్లాను. ఇటలీ అర దగ్గర నిలబడితే ఒకే పేరు నాలుగు సీసాల మీద కనపడింది. వాల్పొలిచెల్లా 16 డాలర్లు. వాల్పొలిచెల్లా రిపాస్సో 25. అమరోనె దెల్లా వాల్పొలిచెల్లా 70. రెచోతో దెల్లా వాల్పొలిచెల్లా అని సగం సైజు సీసా 45. షాపతన్ని అడిగితే "మాంసం వండుతున్నారా, అయితే ఇంకేం ఆలోచించకండి" అని అమరోనె చేతిలో పెట్టాడు.

ఇంట్లో వంట: గోంగూర మటన్, కోడి వేపుడు, బగారా అన్నం. తినకముందు ఒట్టిగా తాగినప్పుడు అద్భుతంగా ఉంది. ఎండు ద్రాక్ష, చెర్రీ పండు, కొంచెం చాక్లెట్ వాసన. వేపుడు ముక్క తిని తాగితే గొంతు మంట. గోంగూర తిని తాగితే అదే వైన్ తియ్యగా, మందంగా, స్పిరిట్ కలిపినట్టు అనిపించింది. సీసా తిప్పి చూస్తే 16 శాతం ఆల్కహాల్ అని ఉంది. బావ రెండో గ్లాసు వద్దన్నారు, ఆయన వద్దనడం నేను చూడలేదు ఇంతవరకు.

రెండు విషయాలు చెప్పండి. ఒకే పేరు మీద ధరలో ఇంత తేడా ఎందుకు? ఈ నాలుగింటిలో మన కూరలకి పనికొచ్చేది ఒక్కటైనా ఉందా?

#2 కారం_దోస
గోంగూర మటన్‌కి జోడీ ఉల్లిపాయ ముక్క. దాని పక్కన ఇటలీని నిలబెట్టి ఇబ్బంది పెట్టారు.

#3 అదిజె_ఒడ్డు
శ్రీను అన్నా, నేను ఉండేది వెరోనాలో. ఊరికి ఉత్తరాన, పడమటన ఉన్న కొండలే వాల్పొలిచెల్లా. ఒక పక్క గార్దా సరస్సు, పైన లెస్సీనియా కొండలు, కింద అదిజె నది. మీరు చూసిన నాలుగు సీసాలూ ఆ కొండలవే, ద్రాక్ష కూడా దాదాపు అదే. ముఖ్యమైనది కొర్వీనా. దానికి తోడు కాయ పెద్దగా ఉండే కొర్వినోనె, తర్వాత రొందినెల్లా. మొలినారా ఒకప్పుడు తప్పనిసరిగా కలిపేవారు, ఇప్పుడు ఆ నియమం లేదు. తేడా అంతా కాయ కోశాక ఏం చేశారన్న దాంట్లోనే ఉంది.

కోసిన వెంటనే చిదిపి పులియబెడితే మామూలు వాల్పొలిచెల్లా. కొన్ని నెలల్లో షాపుకి వచ్చేస్తుంది. ఎక్కువగా 12 శాతం చుట్టుపక్కల ఉంటుంది. పుల్ల చెర్రీ రుచి, పులుపు బాగా, వగరు తక్కువ.

అమరోనెకి మంచి గుత్తులు ఏరి, గాలి ఆడే గదుల్లో ట్రేల మీద ఒక్క వరసగా పరుస్తారు. ఆ గదిని ఫ్రుత్తాయో అంటారు. సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో పెట్టిన కాయ డిసెంబరు, జనవరి దాకా అక్కడే వాడిపోతుంది. మామూలు ఏడాదిలో డిసెంబరు 1కి ముందు దాన్ని చిదపడానికి నియమం ఒప్పుకోదు. బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పోతుంది. పోయేది నీళ్లు, మిగిలేది చక్కెరా రంగూ వాసనా. ఆ చక్కెర చలికాలంలో నెమ్మదిగా పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టే మీ సీసా మీద 16. నియమం ప్రకారం 14కి తగ్గకూడదు. తర్వాత కనీసం రెండేళ్లు నిలవ, రిజర్వా అని రాసి ఉంటే నాలుగేళ్లు.

రెచోతో కూడా ఎండబెట్టిన కాయదే. కానీ చక్కెర మిగిలి ఉండగానే పులియడం ఆగుతుంది, అందుకే తీపి.

రిపాస్సో వీటి మధ్యలోది. అమరోనె దించుకున్నాక తొట్టిలో తొక్కలు, పిప్పి మిగులుతాయి. వాటిలో ఇంకా చక్కెర, రంగు ఉంటాయి. వాటి మీద మామూలు వాల్పొలిచెల్లా పోసి కొన్ని రోజులు మళ్లీ పులియనిస్తారు. ఒంట్లో కొంచెం బలం వస్తుంది, వాసన మారుతుంది. దీన్ని 1964 పంటతో మాసి వైనరీ వాళ్లు కంపొఫియోరిన్ పేరుతో సీసాలో పెట్టాక బయటి దేశాలకి బాగా తెలిసింది.

ఇప్పుడు ధర లెక్క మీకే తెలిసిపోతుంది. అంతే కాయకి వైన్ తక్కువ దిగుతుంది. మూడు నెలలు గది అద్దె. బూజు పట్టిన కాయ ఏరిపారేసే కూలీ. రెండేళ్లు పెట్టుబడి కదలదు. మిమ్మల్ని షాపతను మోసం చేయలేదు, కూరేమిటో అడగకుండా ఇచ్చాడు.

#4 సిరిసిల్ల_శ్రీను
తొక్కల మీద మళ్లీ పోయడం అంటే టీ పొడి రెండోసారి మరిగించినట్టేగా? దానికి 25 డాలర్లా?

#5 అదిజె_ఒడ్డు
#4 అక్కడ పోసేది నీళ్లు కాదన్నా, అప్పటికే పూర్తయిన మంచి వైన్. దానికి ఇంకో పొర చేరుతుంది. ఇష్టమొచ్చినంత చేసుకోవడానికీ లేదు. ఒక వైనరీలో ఎంత అమరోనె దిగిందో దానికి రెండింతలు మించి రిపాస్సో చేయకూడదని నియమం.

#6 బరోలో_భక్తుడు
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటాను. అమరోనె గదిలో తయారయ్యే వైన్. నేల రుచి, కొండ రుచి అంతా ఆ మూడు నెలల్లో ఎండిపోతుంది. ఎండు ద్రాక్ష వాసన ఎక్కడ పెట్టినా ఎండు ద్రాక్ష వాసనే. 70 డాలర్లు పెట్టాలనుకుంటే ఇటలీలోనే వాయువ్యాన ఉన్న పియెమోంతె వెళ్లి బరోలో కొనుక్కోవాలి. దాని నెబ్బియోలో ద్రాక్షని ఎండబెట్టక్కర్లేదు, సెర్రలుంగా కొండకీ లా మొర్రా కొండకీ తేడా గ్లాసులోనే తెలుస్తుంది.

#7 సెల్లార్_సుధ
#6 గోంగూర మటన్ పక్కన బరోలో పెడితే శ్రీను గారి బావ మొదటి గ్లాసు దగ్గరే లేచి వెళ్లిపోయేవారు. బరోలోలో వగరు చాలా ఎక్కువ. కారంతో మండుతున్న నాలుక మీద వగరు పడితే ఇంకా గరుకుగా ఉంటుంది.

లండన్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వైన్ చూసుకునే పని నాది. శ్రీను గారికి జరిగినదానికి కారణాలు చెప్తాను.

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నోట్లో వేడిని పసిగట్టే నరాలని తట్టి లేపుతుంది. ఆల్కహాల్ కూడా వాటినే తాకుతుంది, అవి ఇంకా తొందరగా స్పందించేలా చేస్తుంది. 12 శాతం వైన్‌తో ఓర్చుకోగలిగిన కారం 16 శాతం వైన్‌తో మంటగా మారేది అందుకే. వేపుడు తర్వాత గొంతు మండింది అన్నారే, అది ఇదే.

గోంగూర సంగతి వేరు. పుల్లటిది తిన్నాక తాగిన వైన్‌లో పులుపు తగ్గినట్టు నాలుకకి అనిపిస్తుంది. అమరోనెలో పులుపు ఉంది గానీ దాని మీద ఆల్కహాల్, పండు తీపి, నూనెలాంటి మందం కూర్చుని ఉంటాయి. గోంగూర ఆ పులుపుని లాగేసుకుంది. మిగిలింది తీపీ స్పిరిటూ. మీరు రాసింది అచ్చంగా అదే రుచి.

మీ అరలో 16 డాలర్ల సీసా తెచ్చి, ఫ్రిజ్‌లో ఒక అరగంట పెట్టి, అదే కూరతో తాగి చూడండి. పులుపుకి పులుపు నిలబడుతుంది, ఆల్కహాల్ తక్కువ, వగరు తక్కువ. మా దగ్గర గోంగూర, చింతపండు, టమాటా వేసిన మాంసం కూరలకి నేను ముందు అందించేది మామూలు వాల్పొలిచెల్లానే. ధరల మెట్లు ఎక్కుతూ పోతే వైన్ బరువు పెరుగుతుంది. అన్నం పక్కన దాని ఉపయోగం కూడా అలాగే పెరుగుతుందనుకోకూడదు.

#8 నల్లరేగడి
#7తో సగమే ఏకీభవిస్తాను. కొంచెం తీపి ఉన్న వైన్ కారాన్ని తగ్గిస్తుందని అందరూ అంటారు కదా. అమరోనెలో ఎంతో కొంత చక్కెర మిగిలి ఉంటుంది. మా ఇంట్లో మిరియాల మాంసానికి అమరోనె చాలా బాగా కుదిరింది. పచ్చిమిర్చి, ఎండుమిర్చి లేవు, మిరియం, ధనియాలు, కొబ్బరి మాత్రమే.

#9 సెల్లార్_సుధ
#8 మిరియాల మాంసం విషయంలో మీరు రైటే. మిరియం ఘాటు వేరు, అది ముక్కుకి వాసనగా కూడా అందుతుంది. వెరోనా వాళ్లు కూడా మాంసంతో మిరియాలు దండిగానే వాడతారు. తీపి గురించి మాత్రం ఒప్పుకోను. అమరోనెలో మిగిలే చక్కెర లీటరుకి కొన్ని గ్రాములే. 16 శాతం ఆల్కహాల్ చేసే మంటని ఆ కొన్ని గ్రాములు ఆపలేవు. తీపితో కారం తగ్గాలంటే ఆల్కహాల్ తక్కువ, తీపి బాగా ఉన్న జర్మన్ తెల్ల వైన్ లాంటిది కావాలి.

#10 పదోవా_పిల్ల
వెరోనా పక్కన వాళ్లు మాంసంతో మిరియాలు వాడతారు అన్న మాట వచ్చింది కాబట్టి పెయరా గురించి చెప్పకుండా ఉండలేను. పదోవాలో చదువుతున్నాను, మా హాస్టల్‌లో వెరోనా అమ్మాయి ఉంది. సెలవులకి వాళ్లింటికి తీసుకెళ్లింది. ఉడికించిన మాంసం ముక్కలని బొల్లితో అంటారు, ఉప్పు తప్ప మసాలా ఏమీ ఉండదు. దాని మీద వేసుకునేదే పెయరా. పాత రొట్టె పొడి, ఎముక మూలుగ, మాంసం ఉడికించిన రసం, గుప్పెడు మిరియాల పొడి. చిన్న మంట మీద గంటల తరబడి కలుపుతూ ఉంటారు. వాళ్లమ్మగారు దాని పక్కన తెరిచింది వాల్పొలిచెల్లా సుపెరియోరె, అంటే ఇంకో ఏడాది నిలవ ఉంచిన మామూలుది. అమరోనె సీసా అలమారలోనే ఉంది, దాని జోలికి వెళ్లలేదు.

అమరోనె ఎప్పుడు తీస్తారని అడిగాను. భోజనం అయ్యాక, జున్ను (చీజ్) ముక్కలతో, మాట్లాడుకుంటూ అన్నారు. లేదంటే చలికాలంలో గంటలపాటు ఉడికిన మాంసంతో.

#11 కారం_దోస
#10 మూలుగ, మిరియాలు, రొట్టె. ఇది నాకు పూర్తిగా అర్థమైన మొదటి పోస్టు. ఇంకా వంటకాలు రాయండి.

#12 పదోవా_పిల్ల
#11 ఇంకోటి చెప్తే మీరు మళ్లీ అడగరు. పాస్తిస్సాదా దె కవాల్. గుర్రం మాంసాన్ని ఎర్ర వైన్‌లో, ఉల్లిపాయ, లవంగం, దాల్చినచెక్కతో నానబెట్టి మెత్తగా ఉడికిస్తారు. 489లో వెరోనా దగ్గర ఇటలీని ఏలుతున్న ఒడోఏసర్, దాని మీదికి వచ్చిన గోతు తెగ రాజు థియోడొరిక్ సైన్యాల మధ్య యుద్ధం జరిగింది. చచ్చిన గుర్రాలని ఆకలిగా ఉన్న జనం అలా వండుకున్నారని అక్కడ కథ చెప్పుకుంటారు. పక్కన పొలెంటా, అంటే మొక్కజొన్న సంకటి. నేను తినలేదు, కానీ అమరోనెకి అసలు జత అడిగితే వెరోనాలో చాలామంది చెప్పే పేరు ఇదే. గొడ్డు మాంసంతో చేసే 'బ్రజాతో' అనే వంటకం కూడా ఉంది.

#13 కారం_దోస
గుర్రమా. మా తాతగారి జట్కా గుర్రం గుర్తొచ్చింది. ఈ పూటకి నేను పప్పుచారుతో సరి.

#14 మైలవరం_మూర్తి
శ్రీను గారు అడిగిన ఒకే పేరు ప్రశ్నకి చరిత్ర కూడా జోడించాలి. ఎండబెట్టిన ద్రాక్ష వైన్ ఆ ప్రాంతంలో కొత్తది కాదు. 6వ శతాబ్దంలో గోతు రాజుల దగ్గర మంత్రిగా ఉన్న కాసియొదోరుస్ వెరోనా ప్రాంతపు అచినాతికో అనే వైన్ రాజుగారి బల్లకి తెప్పించమని రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. కాయని చలికాలం దాకా ఎలా ఆరబెడతారో అందులో వివరంగా రాశాడు. అది తీపి వైన్. శతాబ్దాల పాటు అక్కడ గొప్ప వైన్ అంటే తీపిదే, ఇప్పటి రెచోతోకి పూర్వీకురాలు.

తీపి లేని అమరోనె ఈ వరసలో చిన్నది. 1930లలో నెగ్రార్ సహకార వైనరీలో ఒక రెచోతో పీపా మరుగున పడి, అందులో చక్కెర అంతా పులిసిపోయి, తీపి లేని బలమైన వైన్ తయారైందని, దాన్ని రుచి చూసి మెచ్చుకున్నది అదెలీనో లుక్కేజె అనే సెల్లార్ పెద్ద అని అక్కడ చెబుతారు. పీపాలు అలా పులిసిపోవడం అంతకుముందూ జరిగే ఉంటుంది. దాన్ని చెడిపోయిన రెచోతోగా చూడకుండా వేరే వైన్‌గా చూడటం అప్పుడు మొదలైంది. సీసాలు పెద్దగా అమ్మకానికి వచ్చింది 1950లలో. బెర్తాని వైనరీ వాళ్ల అమరోనె 1958 పంటతో మొదలై ఇప్పటికీ ఏళ్ల తరబడి పెద్ద పీపాల్లో ఉన్నాకే బయటికి వస్తోంది.

1968లో వాల్పొలిచెల్లాకి డీఓసీ గుర్తింపు వచ్చింది, అంటే ఏ ప్రాంతంలో ఎలా చేయాలో ప్రభుత్వం గీత గీసింది. ఆ గీత గీసినప్పుడు పాత లోయలతో పాటు తూర్పున ఉన్న కొత్త ప్రాంతాలనీ కలిపారు. అందుకే పాత ప్రాంతంలోని సీసా మీద క్లాసికో అని వేరుగా రాస్తారు. అవి నెగ్రార్, మరానో, ఫుమానె, సాన్ పియెత్రో ఇన్ కరియానో, సాంత్ అంబ్రోజో. అమరోనె, రెచోతో 2010లో పై మెట్టు డీఓసీజీకి వెళ్లాయి.

#15 బరోలో_భక్తుడు
మూర్తి గారూ, మరి క్లాసికో కాకపోతే తక్కువ రకం అనుకోవాలా? తూర్పున ఇల్లాజి లోయలోని దల్ ఫోర్నో వైనరీ అమరోనె ధర చూస్తే క్లాసికో వాళ్లకే కళ్లు తిరుగుతాయి.

#16 మైలవరం_మూర్తి
తక్కువ రకం అనలేదండీ. క్లాసికో అన్న మాట చోటు చెబుతుంది, చేయి చెప్పదు. అయితే 16 డాలర్ల సీసా కొనేటప్పుడు, చేసినవాళ్ల పేరు తెలియనప్పుడు, కొండ మీది కాయ దొరికే అవకాశం క్లాసికోలో ఎక్కువ. బల్లపరుపు నేలలో విరగకాసిన కొర్వీనా పలచగా ఉంటుంది. 1970, 80లలో వాల్పొలిచెల్లా పేరు బయట పడిపోయింది ఆ పలచటి వైన్ కుప్పలుగా అమ్మినందుకే.

#17 అదిజె_ఒడ్డు
#6కి జవాబు బాకీ ఉంది. గదిలో తయారయ్యే వైన్ అన్నారు. ఆ గదిని నేను చూశాను, ఫుమానె దగ్గర ఒక చిన్న కుటుంబం వాళ్లది. కింద సెల్లార్, పైన అటక. నాలుగు వైపులా కిటికీలు. గాలి బాగుంటే తెరుస్తారు, కింద మైదానం నుంచి పొగమంచు వస్తే మూసేస్తారు. పెద్దాయన రోజూ పొద్దున్నే ట్రేల మధ్య నడుస్తూ వాసన చూసుకుంటూ తిరుగుతాడు. బూజు పట్టిన గుత్తి కంటికి కనపడకముందే ముక్కుకి తెలుస్తుందట. ఇప్పుడు పెద్ద వైనరీలు ఫ్యాన్లు, తేమ తగ్గించే మిషన్లు పెట్టుకున్నాయి, దానివల్ల నష్టం తగ్గింది.

ఆ అటకలో పాత రెల్లు తడకలు కూడా ఉన్నాయి, అరెలె అంటారు. వాటి మీద వసంతంలో పట్టుపురుగులు పెంచేవాళ్లు. శరదృతువులో అవే తడకల మీద ద్రాక్ష. ఒకే సామానుతో రెండు పంటలు. పట్టు పోయింది, తడకలు ద్రాక్షకి మిగిలాయి, ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలు వాటినీ పక్కకి నెట్టాయి.

ఇంకో మాట. ఎండబెడితే కొండ రుచి పోతుందన్నారు. ఏ కాయైనా మూడు నెలలు కుళ్లకుండా ఆరదు. కొర్వీనాకి తొక్క మందం. కొండ మీద గాలి తగిలి, గుత్తి మరీ బిగుసుకుపోకుండా పెరిగిన కాయ మాత్రమే నిలుస్తుంది. ఆ మెట్ల తోటలని ఆపుతున్న రాతి గోడలు సున్నమూ సిమెంటూ లేకుండా పేర్చినవి, మరోన్యె అంటారు. వాటిని ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేత్తో సరిచేయాలి. తోట బాగాలేకపోతే అటక ఏమీ చేయలేదు.

#18 బరోలో_భక్తుడు
#17 పెద్దాయన ముక్కు గురించి చదివాక వాదించబుద్ధి కావట్లేదు. కానీ భోజనం బల్ల మీద 16 శాతం ఎక్కువే అన్న మాట మీద ఉంటాను.

#19 అదిజె_ఒడ్డు
అక్కడ ఇద్దరం ఒకటే. వెరోనాలో కూడా మధ్యాహ్నం భోజనానికి అమరోనె తాగేవాళ్లు కనపడరు. ఇటీవలి ఏళ్లలో తయారీదార్ల సంఘం వాళ్లే ఎండబెట్టే కాయ వాటాకి పరిమితి తగ్గించారు. సరుకు మరీ ఎక్కువైతే ధర పడిపోతుందని భయం ఒకటి. జనం తేలిక వైన్ల వైపు వెళ్తున్నారన్నది ఇంకోటి.

#20 వంకాయ_వీరుడు
మాంసం తినని వాళ్లం కూడా ఈ ఫోరమ్‌లో ఉన్నామండీ. గుత్తి వంకాయకి ఏది? ఇంకో అనుమానం. వైన్‌లో గుడ్డు వాడతారని మా అత్తగారు ఎక్కడో చదివి అప్పటినుంచి ముట్టుకోవట్లేదు. నిజమా?

#21 సెల్లార్_సుధ
#20 నిజమే, అన్ని వైన్లలో కాదు. ఎర్ర వైన్‌లో వగరు తగ్గించి తేటగా చేయడానికి కొందరు గుడ్డు తెల్లసొన వాడతారు. అది వైన్‌లోని మడ్డిని పట్టుకుని అడుక్కి దిగుతుంది, తర్వాత తీసేస్తారు. యూరప్‌లో 2012 నుంచి గుడ్డు, పాల పదార్థాల ఆనవాళ్లు వైన్‌లో మిగిలితే లేబుల్ మీద రాయాలి. కానీ ఏమీ మిగలకపోతే రాయక్కర్లేదు. కాబట్టి మీ అత్తగారికి వీగన్ అని గుర్తు ఉన్న సీసా తీసుకోండి. మట్టి లాంటి పదార్థంతో తేర్చేవాళ్లు, ఏమీ వాడకుండా తేరనిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

గుత్తి వంకాయకి రిపాస్సో. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి వేసిన ముద్దలో నూనె, కమ్మదనం ఉంటాయి, పలచటి వైన్ దాని కింద నలిగిపోతుంది. 13, 13.5 శాతం ఉన్న రిపాస్సో ఎంచుకుని, కూరలో కారం కొంచెం తగ్గించండి. పుట్టగొడుగులు, కాల్చిన వంకాయ, నెయ్యి వేసిన పప్పు, ఉల్లి వేపుడు, వీటన్నిటికీ రిపాస్సో పనిచేస్తుంది.

#22 పదోవా_పిల్ల
శాకాహారులకి ఇంకో జాగ్రత్త. అమరోనెతో తినే మోంతె వెరోనేజె జున్ను లెస్సీనియా కొండల ఆవుపాలదే, రుచి చాలా బాగుంటుంది. కానీ పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. పార్మిజానో కూడా అంతే. ఇటలీ వచ్చాక ఇది తెలియక తినేసినవాళ్లు చాలామంది.

#23 వంకాయ_వీరుడు
ఈ విషయం అత్తగారికి చెప్పను. రిపాస్సో మాత్రం శుక్రవారానికి తెస్తాను.

#24 నెల్లూరు_చేప
చేపల పులుసుకి వాల్పొలిచెల్లా చల్లగా తాగితే? పులుపుకి పులుపు అన్నారుగా #7లో.

#25 సెల్లార్_సుధ
నేనైతే వద్దంటాను. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిసి నీచు వాసన లేపుతుంది.

#26 నెల్లూరు_చేప
సుధ గారూ, చింతపండు వేసి మర్నాటి దాకా ఊరిన పులుసులో నీచు ఎక్కడుంటుంది? మా ఇంట్లో బార్దొలీనోతో తాగుతాం, గార్దా సరస్సు ఒడ్డుది. అదీ కొర్వీనానే, ఇంకా పలచన, ఇంకా తేలిక. బాగా చల్లగా. చాలా బాగుంటుంది.

#27 సెల్లార్_సుధ
బార్దొలీనో అయితే ఒప్పుకుంటాను. ఆ ద్రాక్షతోనే గులాబీ రంగులో కియారెత్తో అని చేస్తారు, మీ పులుసుకి అది ఇంకా బాగుండొచ్చు. ప్రయత్నించి రాయండి, నాకు మెనూలో పెట్టుకోవడానికి పనికొస్తుంది.

#28 పుణె_ప్రసాద్
మీరంతా 16 డాలర్లు, 25 డాలర్లు అంటున్నారు. ఇక్కడ ఇండియాలో దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి కస్టమ్స్ సుంకమే 150 శాతం దాకా వేశారు, దాని మీద రాష్ట్రాల పన్నులు వేరే. మీ మామూలు వాల్పొలిచెల్లా ఇక్కడి రేటు చూస్తే మామూలు అన్న మాట నోట రాదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి నా సలహా. మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర ఫ్రతెల్లీ వైనరీ వాళ్లు టస్కనీ ద్రాక్ష సాంజొవేజె పండిస్తున్నారు. కొర్వీనా కాదు, కానీ పుల్ల చెర్రీ రుచి, మంచి పులుపు, ఈ రెండూ ఉంటాయి. కొంచెం చల్లబరిచి టమాటా వేసిన కోడి కూరతో తాగండి. అమరోనె కొంచెం తక్కువ రేటుకి కావాలనుకుంటే విమానాశ్రయం డ్యూటీ ఫ్రీ చూడండి.

#29 నల్లరేగడి
డ్యూటీ ఫ్రీలో అమరోనె కొనేవాళ్లకి: వేసవిలో తెచ్చి వంటింటి అలమారలో పెట్టకండి. హైదరాబాద్ మే నెల వేడికి ఏ సీసా అయినా పాడవుతుంది. చల్లటి చీకటి చోటు దొరక్కపోతే ఫ్రిజ్ కింది అరలో పెట్టి, తాగే గంట ముందు బయటికి తీయండి.

#30 సిరిసిల్ల_శ్రీను
అందరి పోస్టులూ చదివి 16 డాలర్లది తెచ్చాను, క్లాసికో అని ఉన్నదే చూసి. అదే గోంగూర మటన్ మళ్లీ వండించాను, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. #7లో రాసినట్టే ఉంది. కూర పులుపు వైన్‌ని తొక్కేయలేదు, వైన్ తాగాక మళ్లీ ముద్ద తినాలనిపించింది. వేపుడుతో కొంచెం మంట ఉంది, భరించగలిగినంతే.

సగం మిగిలిన అమరోనె కార్కు పెట్టి ఫ్రిజ్‌లో ఉంది. పారబోయాలా? రిసోత్తో అనే ఇటలీ అన్నం వంటకంలో వేస్తారని ఎక్కడో చూశాను.

#31 అదిజె_ఒడ్డు
పారబోయకండి అన్నా! అమరోనె తెరిచాక ఫ్రిజ్‌లో కొన్ని రోజులు నిలుస్తుంది, ముందు ఒట్టిగా తాగి చూడండి.

రిసోత్తో చేయాలంటే వెరోనాలో వాడే బియ్యం వియలోనె నానో, ఊరికి దక్షిణాన ఈజొలా దెల్లా స్కాలా చుట్టుపక్కల వరిమళ్లలో పండుతుంది. గింజ పొట్టిగా ఉంటుంది, రసాన్ని బాగా పీల్చుకుంటుంది. మన సోనా మసూరితో రాదు, అమెరికాలో దొరికే అర్బోరియో సరిపోతుంది. వెన్నలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, బియ్యం వేయించి, వేరే గిన్నెలో వేడి చేసుకున్న వైన్ కొంచెం కొంచెంగా పోయండి. ఆల్కహాల్ ఘాటు పోయాక మాంసం రసమో కూరగాయల రసమో గరిటె గరిటెగా. చివర్లో మంట ఆపేసి వెన్న, జున్ను. అన్నం ముదురు ఊదా రంగులోకి వస్తుంది. పిల్లలకి పెట్టకండి, ఆల్కహాల్ మొత్తం పోదు.

#32 పదోవా_పిల్ల
మా హాస్టల్ వెరోనా అమ్మాయి వాళ్లమ్మగారు రిసోత్తోకి రిపాస్సో వాడతారు. అమరోనె గ్లాసులో ఉండాలి, గిన్నెలో కాదు అని ఆవిడ పట్టుదల.

#33 అదిజె_ఒడ్డు
#32 ఆవిడ మాట తీసేయలేం. మిగిలిపోయిన సీసాకి మాత్రమే నా సలహా.

#34 కారం_దోస
నాలుగు సీసాల్లో మూడింటికి పని దొరికింది. ఆ 45 డాలర్ల చిన్న సీసా ఎవరికి?

#35 సెల్లార్_సుధ
రెచోతో నాకు. కోకో ఎక్కువ ఉన్న చాక్లెట్ కేక్‌తో ఎర్ర వైన్ కుదరడం చాలా అరుదు, ఇది కుదురుతుంది. తినేదానికన్నా తాగేది తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ చేదెక్కుతుంది. గులాబ్ జామున్, జిలేబీల పాకం ముందు రెచోతో కూడా ఓడిపోతుంది, వాటికి వద్దు. నువ్వులుండ, తక్కువ బెల్లంతో చేసిన వేరుశనగ పట్టీ అయితే చూడొచ్చు.

#36 పదోవా_పిల్ల
వెరోనాలో క్రిస్మస్‌కి పందోరోతో తాగుతారు. నక్షత్రం ఆకారంలో, పైన చక్కెర పొడి చల్లిన వెన్న కేకు, ఆ ఊరిదే.

#37 నల్లరేగడి
వచ్చే ఏడు యూరప్ వెళ్తున్నాం, ఇద్దరమే. #17లో చెప్పిన అటకలు చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి? వేసవిలో అయితే సెలవు దొరుకుతుంది.

#38 అదిజె_ఒడ్డు
వేసవిలో అటక ఖాళీగా ఉంటుంది. అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా రండి, ట్రేలు నిండి ఉంటాయి, మెట్లెక్కుతుంటేనే వాసన తెలుస్తుంది. వెరోనా నుంచి నెగ్రార్, ఫుమానె వైపు బస్సులున్నాయి, ఆదివారం తక్కువ. చిన్న వైనరీలకి ముందే ఈమెయిల్ రాసి అపాయింట్‌మెంట్ తీసుకోండి, చెప్పకుండా వెళ్తే పనిలో ఉంటారు. కారు తీసుకుంటే నడిపేవాళ్లు తాగకూడదు, రుచి చూసి ఉమ్మేయడానికి గిన్నె అడిగితే ఇస్తారు, అక్కడ అది మామూలు విషయం.

#39 నల్లరేగడి
అయితే నవంబరుకే పెట్టుకుంటాం. బస్సులోనే వెళ్తాం, ఇద్దరం తాగొచ్చు.